కుప్పం ఆకు

మా ఇంట్లో ‘కుప్పం ఆకు’ అనేది ఒక తిట్టు. కొత్త చీర మొదటి ఉతుక్కే రంగు పోయినా, సంతలో కొన్న మేక వారం తిరక్కుండా చచ్చినా మా మామ "ఇది కూడా కుప్పం ఆకే" అనేవాడు. పన్నెండేళ్ళు ఆ మాట విన్నాను. విన్న ప్రతిసారీ అత్త ముఖంలోకి చూడకుండా ఉండటానికి ఏదో ఒక పని వెతుక్కునేదాన్ని. అత్త కూడా నా ముఖం చూసేది కాదు. ఆ మాట అబద్ధమని లోకంలో మా ఇద్దరికే తెలుసని అనుకుంటూ వచ్చాను.

నేను పుట్టింది పెద్దమండ్యం వైపు, వేరుశెనగ తప్ప ఇంకో పంట ఎరగని మెట్ట ఊళ్ళో. తొంభైల మధ్యలో, పద్దెనిమిదేళ్ళప్పుడు, పుంగనూరు దగ్గర ఒక పల్లెకు కోడలిగా వచ్చాను. మా ఆయన మదనపల్లెలో టమోటా మండీలో పనిచేసేవాడు, ఆదివారాలు మాత్రం ఇంటికొచ్చేవాడు. అందుకని అత్తారింట్లో నాకు మొగుడికంటే ముందు బాగా పరిచయమైనవి పట్టుపురుగులు. మొదట్లో వాటిని చూస్తే ఒళ్ళు జలదరించేది. పదో తరగతి పాసైనదాన్ని, పొద్దస్తమానం పురుగులకు ఆకు తరిగి వేయడమేమిటని లోపల మండిపోయేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని పుట్టింట్లో పేరు. అత్తారింట్లో దాన్ని కొంగు చాటున దాచుకుని తిరిగాను.

పురుగుల ఇల్లంటే మా ఇంటి వెనక మట్టిగోడల పొడుగాటి కొట్టం. అందులో అత్త మాటే చెల్లేది. పురుగులు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తాలింపు ఘాటు రాకూడదు, ఎవరూ పౌడరు రాసుకోకూడదు, వాసన పూలు పెట్టుకోకూడదు. బయటివాళ్ళు లోపల అడుగు పెట్టకూడదు. బీడీలు తాగే మామకైతే గుమ్మం దాటే అర్హతే లేదు. మిగతా ఇల్లంతా ఆయన గొంతుకు హడలేది గానీ, ఆ కొట్టం దగ్గరికొస్తే మాత్రం ఆయన బయటే నిలబడి "ఎట్లుండాయి?" అని అడిగి వెళ్ళిపోయేవాడు. ఆ గుమ్మం లోపల అత్త వేరే మనిషి. నడుం కూడా నిటారుగా ఉండేది.

పెళ్ళైన రెండో ఏడు ఎండాకాలంలో మా బోరు వట్టిపోయింది. అప్పటికే వరసగా రెండు పంటలు పోయాయి. "ఈ పంట కూడా పోయిందంటే తోట పెరికేసి టమోటా పెడతా. పురుగులింట్లో ఎనుముల్ని కట్టేస్తా" అని మామ నలుగురిలో అన్నాడు. ఆయన అన్నాడంటే చేసే మనిషి. ఆ రోజు నుంచి అత్త చాప తీసుకెళ్ళి పురుగుల దగ్గరే పడుకుంది.

పట్టుపురుగు గూడు కట్టేలోపల నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా ఉండి, పొర విడుస్తుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక వారం రోజుల పాటు వాటి ఆకలికి అంతుండదు. తట్టల్లో అవి ఆకు తినే చప్పుడు వింటే, పక్క గదిలో పదిమంది కూర్చుని శెనక్కాయలు వలుస్తున్నట్టు ఉండేది నాకు. సరిగ్గా ఆ వారంలోనే మా మల్బరీ తోటలో ఆకు అయిపోయింది.

పుంగనూరులో అత్తకు తమ్ముడి వరసయ్యే ఒకాయన ఆకు ఇస్తానని మాటిచ్చాడు. తడిపిన గోనెసంచులు చంకలో పెట్టుకుని తెల్లారేసరికల్లా వెళ్ళాం. ఆయన ముందురోజే ఆకంతా వేరేవాళ్ళకు ఇచ్చేశాడు. "నువ్వు వస్తావో రావో అనుకుంటి అక్కా" అని, కాఫీ తాగి పొమ్మన్నాడు. అత్త కాఫీ వద్దంది. బస్టాండుకు వచ్చి సిమెంటు బల్ల మీద కూర్చున్నాం. ఇంట్లో మధ్యాహ్నం దాకా సరిపోయే ఆకు ఉంది. ఆ తర్వాత ఏం వేయాలో తెలీదు. అత్త సంచుల్ని మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తూ కూర్చుంది.

అప్పుడు వచ్చాడాయన. యాభై దాటిన మనిషి, తలకు తువ్వాలు, చేతిలో ఖాళీ క్యారియరు. కూతురిని అత్తారింట్లో దించి తిరిగి ఊరికి పోతున్నాడట. మమ్మల్ని దాటిపోబోయి, సంచుల్ని చూసి ఆగాడు.

"ఆకు దొరకలేదామ్మా?"

అత్త లేదన్నట్టు తల ఊపింది.

"ఎన్నో జ్వరంలో ఉండాయి?"

"నాలుగు లేసి మూడు దినాలాయ నాయనా."

ఆయన క్యారియరు కింద పెట్టాడు. తర్వాత మా పక్కనే కూర్చున్నాడు. "మాది కుప్పం కాడ. మాయమ్మ పోయి నెలాయ. ఆ మైలలో ఈ పంటకి పురుగులు పెట్టుకోలేదు. తోటలో ఆకు నిలబడి ముదిరిపోతాండాది. మీ పురుగులన్నా తింటాయి, రాండి."

కుప్పమంటే పుంగనూరు నుంచి మూడు గంటల దారి. అత్త నోరు తెరిచేలోపలే ఆయన అన్నాడు. "దుడ్డు మాట ఎత్తద్దమ్మా. మాకు తెలిసినాయప్ప టెంపో ఒకటి ఉండాది. రోజూ మద్దేనం ఖాళీగా మదనపల్లికి పోతాది, టమోటాకి. ఈ పుంగనూరు మిందనే కదా పోవాల. మిమ్మల్నీ సంచుల్నీ ఇంటికాడ దించేస్తాడు."

నేను అత్త చెవి దగ్గర "ఎవరో ఏమో అత్తా" అన్నాను.

"ఆయప్ప సేతులు సూడు" అంది అత్త.

చూశాను. ఆకు కోసి కోసి ఆయన వేళ్ళ సందులు నల్లబారి ఉన్నాయి. మావీ అంతే. అత్తకు అది చాలింది. మా ఊరి బస్సు కండక్టరుతో మామకు కబురంపి, ఆయన వెనక పలమనేరు బస్సెక్కాం.

నిజం చెబుతున్నాను, ఆ దారిలో నాకు ఆకు బెంగ లేదు. ఏడాదిన్నరగా ఆ ఇల్లూ ఆ కొట్టం తప్ప ఏమీ చూడలేదు. కిటికీ పక్కన కూర్చుని వచ్చే ప్రతి ఊరినీ కళ్ళారా చూశాను. పలమనేరులో బస్సు మారాం. వి.కోట దాటాక బస్సులో సగంమంది మాటల్లో కన్నడం కలిసింది. అత్త పలమనేరు దాటి ఎప్పుడూ రాలేదట. ఆమె బయటికి చూడలేదు. మాటిమాటికీ పొద్దు ఎక్కడుందో తల వంచి చూసుకుంటూ, "ఈ పాటికి మిగిలిన ఆకు ఏసేసింటాడు మీ మామ, సేతులు కడిగి లోపలికి పోయినాడో లేదో" అనేది.

వాళ్ళ ఊరు కుప్పం దాటాక నాలుగు మైళ్ళు. తోట బావి పక్కన, నడుమెత్తు ఆకుతో పచ్చగా ఉంది. ఆయన భార్య మేము ఎవరమో కూడా అడగలేదు. మజ్జిగ ఇచ్చి, తనూ కొడవలి పట్టుకుని మాతో ఆకు కోతకు దిగింది. పక్క చేను ఆయన తమ్ముడిది. టమోటా వేశాడు. ఆ తమ్ముడు కూడా గట్టు దాటి వచ్చి సంచులు పట్టాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే బీడీ కట్ట లోంచి తీసుకుని, మాకు దూరంగా వెళ్ళి, ఆకు మీదికి పొగ రాకుండా గాలివాటు చూసుకుని కాల్చారు. అది చూసి అత్త నావైపు తిరిగి "మీ మామకి సూపిచ్చాల" అంది. ఆ రోజు ఆమె నవ్వడం అదే మొదటిసారి.

సంగటి తిన్నాక ఆయన భార్య మాకిద్దరికీ బొట్టు పెట్టి, కనకాంబరాలు ఇచ్చింది. అత్త పూలు పట్టుకుని తటపటాయించింది.

"వాసన లేని పూలు వదినా, పురుగులకేం కాదు" అంది ఆమె. "మాకు తెలీదా ఏంది?"

ఆయన ఎద్దులబండి కట్టి సంచులు పేర్చి మమ్మల్ని కుప్పం తీసుకెళ్ళాడు. ఊళ్ళోకి పోవాలంటే రైలు గేటు దాటాలి. పట్టాల మీద బండి గడగడమంటే అత్త వంగి చూసింది. "ఇదేనా రైలు పోయేది?"

"రైలు సూడలేదామ్మా?" అన్నాడు ఆయన.

"యాడ సూసేది."

"ఇంగ అర్ధగంటలో ఒగటి రావాల. అయితే ఈ పొద్దు వద్దులేమ్మా, ఆకు ఉండాది. గూళ్ళు అమ్ముకున్న్యాక ఒకనాడు రాండి, నేనే సూపిస్తా."

టెంపో స్టేషను ఎదురుగా వేపచెట్టు కింద ఉంది. సంచులు ఎక్కించేటప్పుడు ఆయన మాకు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. "ఒకదానిమింద ఒకటి ఎయ్యద్దండి. మూతులు ఇప్పి నిలబెట్టండి. యాడా ఆగద్దండి. ఊపిరాడకపోతే ఆకు ఉడుకెత్తుతాది." డ్రైవరుకూ అదే చెప్పి, ఎద్దులకు నీళ్ళు పెట్టాలని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఆయన మలుపు తిరిగేదాకా అత్త చూస్తూ నిలబడింది.

తర్వాత జరిగింది నా వల్లే జరిగింది. ఇందులో ఇంకెవరి తప్పూ లేదు.

అత్త టెంపో ఎక్కడానికి కొంగు దోపుకుంటూ ఒకసారి స్టేషను వైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను పట్టుకున్నాను. మదనపల్లె స్టేషన్లో రైలును రెండుసార్లు చూసినదాన్ని కదా, నాకు పెద్దరికం వచ్చేసింది. "అర్ధగంటే కదా అత్తా. చూసి పోదాం" అన్నాను.

"ఆకు ఉండాది మే" అంది.

"నీడలోనే ఉంది. ఏమీ కాదు. నేను చెప్తున్నాను కదా."

ఏం తెలుసని చెప్పానో. వేరుశెనగ ఊరి పిల్లను, ఏడాదిన్నరగా ఆకు తరిగి నాకంతా వచ్చేసిందనుకున్నాను. డ్రైవరు మంచివాడు, "మీరెప్పుడంటే అప్పుడే అమ్మా" అని ముఖాన తువ్వాలు కప్పుకుని చెట్టు కింద పడుకున్నాడు. ఆకు ఎండిపోతుందేమోనని సంచులన్నీ దగ్గరికి లాగి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన టార్పాలిన్ కప్పింది నేనే. ఆకు ఎండకూడదన్న సంగతి ఒక్కటే నాకు గుర్తుంది.

అర్ధగంట గడిచింది. రైలు రాలేదు. అడిగితే లేటన్నారు. అత్త లేచి "పోదాం మే" అంది. "ఇంత సేపు కూర్చున్నాం, వచ్చేస్తుంది" అన్నాను. ఇంకో గంట గడిచాక మళ్ళీ లేచింది. ఈసారి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాను. ఆమె కూర్చుంది. బలవంతం చేసే వాళ్ళకు ఆమె అలవాటుపడ్డ మనిషి.

ప్లాట్‌ఫారం మీద వేయించిన శెనక్కాయలు కొనుక్కుని తిన్నాం. పొట్టు చీర మీద పడితే ఒకరిది ఒకరం దులుపుకున్నాం. నాతో ఆమె ముచ్చట్లు చెప్పడం అదే మొదలు.

"పెండ్లయిన కొత్తలో తిరపతికి రైల్లో పోదామన్న్యాడు మీ మామ. కడాకి బస్సులో తీసకపాయ. రైలు యాల ఎక్కలేదంటే, సూసి ఏం సేస్తావు అన్న్యాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? సూస్తా. సూసేదానికి గాకుంటే ఇంగ దేనికి."

నాలుగు దాటాక వచ్చింది రైలు. అత్త నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. అది రెండు నిమిషాలు ఆగింది. పెట్టె పక్కన నాలుగడుగులు నడిచి, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, అరచెయ్యి దాని ఇనుపగోడకు ఆనించింది. వెంటనే తీసేసింది.

"కాలతాండాది" అని నవ్వింది. కనకాంబరాలు పెట్టుకుని, బొట్టు సగం చెరిగి, పిల్లలా నవ్వింది. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కళ్ళముందు ఉంది. దాన్ని తలుచుకుని సంతోషపడే యోగం మాత్రం నాకు లేకపోయింది.

మేము ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. మామ వాకిట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. అత్త తల్లోంచి పూలు తీసి దిబ్బ మీద వేసి, చేతులు కడుక్కుని, కొట్టంలో మొదటి సంచి విప్పింది. ఉడకబెట్టిన కూరాకు వాసన వచ్చింది. ఆమె మోచేతి దాకా చెయ్యి లోపలికి పెట్టి, అట్లాగే ఉండిపోయింది. నేనూ పెట్టాను. లోపల ఆకు అన్నం గిన్నెలా వేడిగా ఉంది.

పై ఆకు, అంచుల్లో ఆకు ఏరి నేల మీద ఆరబోశాం. బాగున్నది ఒక పూటకు కూడా రాదు. తట్టల్లో పురుగులన్నీ మధ్యాహ్నం నుంచి ఖాళీ కడుపుతో తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి.

"వేయొద్దు అత్తా. ఇది వేయొద్దు" అన్నాను.

"ఆకలి సూడలేను మే" అంది. ఆమెకు తెలుసు. ముప్పై ఏళ్ళుగా పురుగులు పెంచిన మనిషికి తెలియకపోవడమేమిటి. తెలిసే, కాస్త చల్లారిన ఆకు తీసి తట్టల్లో వేసింది. అవి ఆవురావురుమని తిన్నాయి.

మూడో రోజుకు పురుగులు మెత్తబడి, నోటివెంట నీళ్ళు కక్కి, నల్లబడటం మొదలుపెట్టాయి. నాలుగో రోజుకు కొట్టంలో ముక్కు పెట్టలేకపోయాం. ఇంటి వెనక గుంత తవ్వి, సున్నం చల్లి, బుట్టలకొద్దీ తీసుకెళ్ళి పూడ్చాం. నేను ఏడుస్తూ మోశాను. అత్త ఏడవలేదు.

మామ గుంత గట్టున నిలబడి అడిగాడు. "ఎట్ల పోయినాయి?"

ఆ పూట ఆయన చేతిలో గునపం ఉంది, గుంత తవ్వింది దానితోనే. దాన్ని పట్టుకుని తోట వైపు చూస్తున్నాడు. నేనే చేశాను అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అత్త నన్ను చూసింది, తర్వాత తోటను చూసింది.

"ఆకులోనే ఏందో ఉండె. పక్కసేను టమోటాకి మందు కొట్టింటారు. ఆయప్ప మాకు సెప్పలేదు."

నేను నోరు మెదపలేదు. మెదిపి ఉంటే మామ నన్ను పుట్టింటికి పంపేవాడేమో, అంతకంటే ఎక్కువ చేసేవాడు కాదు. ఆమెకైతే ఆ తోట తప్ప ఏమీ లేదు. ఇట్లా నాకు నేను చాలాసార్లు సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి నేను భయపడ్డాను.

మామ మర్నాడే కుప్పం పోయాడు. ఆ ఊరి నడిబొడ్డున నిలబడి, పదిమందిని పోగేసి, ఆయన్నీ ఆయన తమ్ముడినీ కడిగేసి వచ్చానని చెప్పాడు. "మందు కొట్టిన ఆకుని దానం సేసినారు దొంగనాయాళ్ళు. ఆయప్ప ఒక్క మాట తిరగ మాట్లాడితే ఒట్టు. తప్పు సేసినోడు ఏం మాట్లాడతాడు" అని ఊరంతా చెప్పుకుని తృప్తిపడ్డాడు. తప్పు పరాయివాళ్ళది అయిపోయాక తోట మీద ఆయనకు కోపం పోయింది. బోరు ఇంకా లోతు వేయించాడు. తోట నిలిచింది. అత్త తిరిగి పురుగులు పెట్టింది, ఆ తర్వాత పంటలు బాగానే వచ్చాయి. నా ఇద్దరు పిల్లల చదువూ ఆ కొట్టంలోంచే నడిచింది. నేనూ అత్తా ఆ రోజు గురించి ఎన్నడూ ఎత్తలేదు. రైలు మాట కూడా ఎత్తలేదు.

రెండువేలు దాటి ఏడెనిమిదేళ్ళయ్యాక, మా ఆడవాళ్ళ పొదుపు సంఘం తరపున నన్ను కుప్పంలో ఒకరోజు శిక్షణకు పంపారు. పురుగుల పెంపకం గురించే. ఒక చిన్న వయసు ఆఫీసరు బోర్డు మీద బొమ్మ వేసి, ఆకు సంచులు ఒకదానిమీద ఒకటి పేర్చకూడదని, మూతులు విప్పి నిలబెట్టాలని, దారిలో ఆగకూడదని చెప్పాడు. అందరూ రాసుకుంటున్నారు. నా చెవుల్లో ఇంకో గొంతు వినిపిస్తోంది. అన్నం వేళకు అక్కడ ఉండలేక ఆటో మాట్లాడుకుని ఆ ఊరికి పోయాను.

ఆయన ఇంటి ముందు నులకమంచం అల్లుతున్నాడు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. నేనెవరో చెప్పాల్సిన పని లేకపోయింది. "ఎవురు, పుంగనూరు పాపా? రా తల్లీ" అన్నాడు. లోపలినుంచి ఆయన భార్య తొంగిచూసి, నన్ను గుర్తుపట్టి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

దారిలో కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. నిలబడే చెప్పేశాను. ఆకు బాగుందని, మేమే పాడుచేశామని, మామ అన్న మాటలన్నీ మా అబద్ధం మీద అన్నవని. చెబుతుంటే నాకు ఏడుపొచ్చింది.

ఆయన నులక వదల్లేదు. "తెలుసు తల్లీ" అన్నాడు. "టెంపో ఆయప్ప మర్నాడే సెప్పినాడు. రైలు సూసేదానికి నాలుగు దాకా ఉండిపోయిరని. అప్పుడే అనుకుంటి, ఆకు ఉడికిపోయింటాదని."

"మరి మా మామ వచ్చినప్పుడు…"

"ఏమని సెప్పేది? మీ ఇంటామె రైలు కాడ కూసునింది అని ఆ మనిషికి సెప్తే, ఆయమ్మని బతకనిస్తాడా? ఆయన అరిసే అరుపు సూసినాను కదా."

లోపలినుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "ఈ మాట అప్పుడే నలుగుర్లో సెప్పింటే మా మరిది సచ్చేదాకా మాతో మాట్లాడింటాడు." ఆమె గుమ్మంలోకి వచ్చి నా ముఖంలోకి సూటిగా చూసింది. "మందు కొట్టలేదని ఆయప్ప దేవుడి మింద ప్రమాణం సేసినాడు. ఊళ్ళోవాళ్ళు నమ్మలేదు. నీ ఇంటికి తెచ్చుకున్న్యోళ్ళు నన్ను తిట్టిపోతాంటే నువ్వు నోరు తెరవకుంటివే అని ఈయప్పతో అన్న్యాడు, అంతే, మా గడప తొక్కలేదు. పోయిన యాడాది సచ్చిపాయ."

ఆ రోజు గట్టు దాటి వచ్చి మా సంచులు పట్టిన మనిషి. ఆయన ముఖం గుర్తు చేసుకోవాలని చూశాను, గుర్తు రాలేదు. చేతులు జోడించాను. ఆమె నా చేతుల్ని చూడలేదు. నీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. అడగకపోవడమే న్యాయమనిపించింది.

"ఇంగ ఊరుకో మే" అన్నాడు ఆయన భార్యతో. నేను వచ్చేస్తుంటే ఆటో దాకా వచ్చాడు. ఏదో అడగాలని, అడగలేక, చివరికి అడిగాడు.

"ఆయమ్మ రైలు సూసిందా? ఆ పొద్దు వచ్చిందా అది?"

"వచ్చింది" అన్నాను. "చేత్తో ముట్టుకుంది కూడా."

ఆయన తల ఊపాడు.

నేను ఇంటికొచ్చేసరికి అత్త కొట్టంలో సాయంత్రపు ఆకు వేస్తోంది. నాలుగో జ్వరం లేచి రెండు రోజులైన పురుగులు. చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళి, పన్నెండేళ్ళలో మొదటిసారి ఆ రోజు మాట ఎత్తాను. ఒక్కటీ దాచలేదు. తమ్ముడి సంగతి చెప్పినప్పుడు ఆమె తట్ట అంచు పట్టుకుంది.

"సచ్చేదాకా మాట్లాడలేదా?"

"లేదు."

"అంతా తెలిసీ ఆయప్ప ఓర్సుకున్న్యాడా?"

"నీకోసమే అత్తా. వచ్చేటప్పుడు ఒక్కటే అడిగినాడు. నువ్వు రైలు చూసినావా అని."

అత్త ఒడిలో ఆకు ఉండిపోయింది. ఎంతసేపు నిలబడిందో, ముందు తట్టల్లో పురుగులు తినడం ముగించి తలలెత్తాయి. అప్పుడు మెల్లగా మిగతా ఆకు వేసి, చేతులు దులుపుకుంది.

"తెల్లారి కుప్పం పోదాం" అంది.

"పురుగులో? రేపంతా ఆకు ఎవరు వేస్తారు?"

"ఒక పూట ఆకలికి ఓర్సుకుంటాయిలే."

పొద్దున్నే ఆమె తలస్నానం చేసి, పెట్టెలోంచి చీర తీసి కట్టుకుంది. మామ వాకిట్లో అడ్డంగా నిలబడ్డాడు. "నాలుగో జ్వరం పురుగుల్ని ఇడిసి యాడికి పోతాండావు?"

"కుప్పానికి" అంది అత్త. గొంతు పెంచలేదు. "ఆ ఆకు బాగుండె. నేను రైలు సూస్తా కూసున్న్యా, సంచుల్లో ఉడికిపాయ. ఉడికిన ఆకు పురుగులకేసింది నేనే. నీతో అబద్ధం సెప్పింది నేనే. ఆ మాట ఆ ఇంట్లో సెప్పి వస్తా."

నా వంతు తప్పు కూడా తన నెత్తినే వేసుకుంది. "కాదు మామా, ఆపింది నేను" అన్నాను. మామ నన్ను చూడలేదు, ఆమెనే చూస్తున్నాడు.

అత్త చెప్పులు వేసుకుంది. "తోట పెరికేస్తానంటివి కదా ఆ పొద్దు. పెరకాలంటే ఇప్పుడు పెరుక్కో. గునపం కొట్టం ఎనకాల ఉండాది" అని, ఆయన పక్కనుంచి దాటి వీధిలోకి నడిచింది. నేను గబగబా తలుపు దగ్గరకు లాగి ఆమె వెనకే బస్సుకు పరిగెత్తాను.